తోక ఖరీదు

మా మావయ్యకి ప్రాణమైనవి మూడు: పొలం, గుర్రం, కొడుకు. ఈ వరస నేను పెట్టింది కాదు, ఆయన పెట్టిందే. ఎవరైనా పొరపాటున కొడుకుని ముందుకు జరిపితే, చేతిలో పేకముక్కలు కింద పెట్టి మరీ సరిచేస్తాడు.

పొలం సంగతి పెద్ద కథ. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయ్యాక, ఎడమ కాలవ కింద రాయచూరు జిల్లా నల్లరేగడికి నీళ్ళొస్తాయని తెలిసి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు మూటాముల్లె సర్దుకుని వచ్చేశారు. అక్కడ ఎకరం అమ్మిన డబ్బుకి ఇక్కడ చాలా ఎకరాలొచ్చే రోజులవి. మా తాతయ్య తణుకు పక్కనున్న రెండెకరాలూ అమ్మేసి, సిందనూరు తాలూకాలో భూమి కొని, తుమ్మలు కొట్టించి, పాక వేసుకున్నాడు. అలా వెలిసిన పాకల గుంపులకి క్యాంపులని పేరు. ఇప్పుడు ఆ క్యాంపుల్లో మేడలు లేచాయి, రామాలయాలకి గోపురాలు లేచాయి, పేరు మాత్రం క్యాంపుగానే ఉండిపోయింది. ఇంట్లో గోదావరి తెలుగు, బజార్లో కన్నడం, పాలేళ్ళతో రెండూ కలిసిన మూడో భాష.

గుర్రం మాత్రం మా బావ తెచ్చిందే. పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిస్తే బాగా గిట్టుబాటవుతుందని ఎవరో చెబితే, నాందేడ్ జిల్లా మాళెగావ్ ఖండోబా జాతరకి వెళ్ళి ఒక ఆడగుర్రాన్ని కొనుక్కొచ్చాడు. ఒక్క నల్ల వెంట్రుక లేకుండా తెల్లగా ఉండే జాతి, గుర్రాల వాళ్ళు నుక్రా అంటారు. మావయ్య దానికి ముత్యం అని పేరు పెట్టాడు. బావ ముందుచూపున్న మనిషి. వచ్చిన వారంలోనే దాన్ని నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీయించి, మెడలో చిప్పు వేయించాడు. దొంగలెత్తుకుపోతే పట్టుకోవడానికి కాబోలనుకున్నాం.

రెండు సీజన్లు బాగానే నడిచింది. తర్వాత పెళ్ళికొడుకులకి గుర్రం మీద మోజు పోయింది. పైకప్పు తెరుచుకునే కారు, దాని వెనక డీజే. ముత్యం సాలలోనే ఉండిపోయింది. బావ లెక్కలో అది దండగమారి పద్దు. "గుర్రం గుడ్డిదైనా దానాకి తక్కువ లేదని ఊరికే అన్నారా" అని నెలకోసారైనా గొణుగుతాడు. మావయ్యకి మాత్రం అప్పుడే అసలు పని దొరికింది. పొద్దున్నే ఉలవ గుగ్గిళ్ళు తన చేత్తో పెట్టేవాడు. సాయంత్రం కాలవ గట్టు మీద నడిపించేవాడు. ఎక్కడం రాదు. ఎక్కాలనీ లేదు. పక్కన నడిస్తే చాలు.

దాన్ని చూసుకోవడానికి చాచా ఉన్నాడు. ఒకప్పుడు రాయచూరు స్టేషను ముందు టాంగా తోలినవాడు. ఆటోలొచ్చాక టాంగా అమ్మేశాడు గానీ గుర్రాన్ని అమ్మలేక, అది పోయేదాకా సాకాడు. ఆ కథ విన్నరోజే మావయ్య ఆయన్ని పనిలో పెట్టుకున్నాడు.

మూడోది కొడుకు. గుర్రం విషయంలో గొణిగినా, తండ్రి విషయంలో మా బావకి వంక పెట్టలేం. మావయ్య గుండెలో స్టెంటు పడింది, పైగా బీపీ. పొద్దున పరగడుపున ఒక మాత్ర, రాత్రి భోజనమయ్యాక రెండు. ఎక్కడున్నా సరే, ఆ వేళకి బావ గ్లాసుడు నీళ్ళు, అరచేతిలో మాత్రలు పట్టుకుని హాజరు. మా అమ్మ ఆ మాట చెప్పి నన్ను దెప్పని రోజు లేదు. "కొడుకంటే మా అన్నయ్య కొడుకు!"

నేను రాయచూరు కాలేజీలో చరిత్ర చెబుతాను. డిసెంబరులో కోతలైపోయాక, కొత్త బియ్యం తీసుకెళ్ళమని మావయ్య కబురు పెడితే క్యాంపుకి వెళ్ళాను. అసలు కథ ఆ రాత్రిది.

క్యాంపులో సగం మంది గంగావతిలో పెళ్ళికి పోయారు. వీధంతా బోసిగా ఉంది. మేం అన్నాలు తిన్నాం. బావ యథాప్రకారం మాత్రలందించాడు. మావయ్య నీళ్ళు మింగి గ్లాసు కింద పెట్టాడో లేదో, సాల వైపు నుంచి చాచా కేక వినిపించింది.

వెళ్ళేసరికి ముత్యం ముందుకాలితో నేలని తవ్వుతోంది. తవ్వి, మెడ తిప్పి, తన డొక్క వైపు తానే చూసుకుంటోంది. మళ్ళీ తవ్వుతోంది. చలికాలం రాత్రి దాని మెడ మీద చెమట పట్టి తెల్లటి వెంట్రుకలు చర్మానికి అంటుకుపోయాయి. పక్కన మిల్లు నుంచి తెచ్చిన తవుడు మూట ఒరిగిపోయి ఉంది. మూట సగం ఖాళీ.

"మూతి నేను కట్టే పోయాను ధణీ. నమాజుకి పోయే ముందు తాడు రెండు చుట్లు చుట్టి కట్టాను" అన్నాడు చాచా.

"కోతులు విప్పుంటాయి" అన్నాడు బావ.

చాచా మోకాళ్ళ మీద కూర్చుని దాని డొక్కకి చెవి ఆనించాడు. ఒక పక్కయ్యాక ఇంకో పక్క. లేచి మావయ్య వంక చూశాడు. "లోపల చక్కీ ఆగిపోయింది ధణీ. చప్పుడు లేదు."

అంతలో ముత్యం ముందుకాళ్ళు మడిచి కూలబడింది. పొర్లబోతోంది. చాచా పగ్గం పట్టి అదిలించి లేపాడు. "కల్లంలోకి తోలుకుపోదాం. పొర్లనివ్వకూడదు."

"గ్యాసయ్యుంటుంది. ఇంగువ నీళ్ళు పట్టిద్దాం, పొద్దునకి సర్దుకుంటుంది" అన్నాడు బావ. మావయ్య ఆ మాట విననట్టే, పక్క క్యాంపులో ఉండే రిటైరైన పశువుల డాక్టరుకి ఫోను చేశాడు. ఆయన ఉద్యోగం మొదట్లో టాంగా గుర్రాలకి వైద్యం చేసినవాడు. ఈ రోజుల్లో గేదెల డాక్టర్లు ఎంతమందైనా దొరుకుతారు గానీ, గుర్రం ముక్కులోకి గొట్టం వేసిన చేయి దొరకడం కష్టం. నోట్లో ఏమీ పోయొద్దని, తాను వచ్చేదాకా నెమ్మదిగా నడిపించమని చెప్పి, స్కూటరు మీద పదికల్లా దిగాడు.

వస్తూనే ముత్యం పెదవి ఎత్తి టార్చి వేశాడు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు ఇటుక రంగుకి తిరిగాయి. దవడ కింద రెండు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని నాడి చూశాడు.

"డెబ్బై రెండు. నిలబడ్డ గుర్రానికి నలభై నాలుగు దాటకూడదు."

ఆయనది సిందనూరు తెలుగు, మధ్యమధ్య కన్నడం తొంగిచూస్తుంది. పని చేసుకుంటూనే నాకు పాఠం చెప్పాడు. ఆవుకి పొట్టలో నాలుగు గదులు, తిన్నది నెమరేస్తుంది. గుర్రానికి ఒకటే చిన్న పొట్ట, దాని కింద బారల కొద్దీ పేగు. ఆ పేగు కూడా ఒకచోట వెడల్పుగా ఉండి, మలుపు తిరిగే చోట సన్నబడుతుంది. అక్కడే అడ్డం పడుతుంది. అన్నిటికీ మించి, గుర్రం కక్కలేదు. పొట్ట పైమూతి కండరం అంత గట్టిది. మనిషైతే ఎక్కువ తింటే కక్కి బతుకుతాడు. గుర్రం తిన్నది ముందుకే పోవాలి, లేకపోతే పొట్ట పగలాలి. తవుడు, ధాన్యం లాంటివి ఒక్కసారి మెక్కితే లోపల పులిసి, ఉబ్బి, గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయి.

"ఏనుగంత మనిషికి కూడా ఇంత నాజూకు కడుపు ఉండదు యజమాన్రే" అని, ముత్యం ఎడమ ముక్కులోకి గొట్టం దించడం మొదలుపెట్టాడు. అది గుటక వేసినప్పుడల్లా జానెడు జరుపుతున్నాడు. చాచా దాని చెవి దగ్గర ఏదో ఉర్దూలో లాలిస్తున్నాడు. చివరికి గొట్టం రెండో కొసలోంచి గాలి బుస్సుమంది. వెంటనే పుల్లటి కంపు. పులిసిన తవుడు వాసనతో కల్లమంతా నిండిపోయింది. దాని వెనకే బూడిదరంగు నీళ్ళు బకెట్లోకి కారాయి.

డాక్టరు తన దగ్గరున్న ఒకే ఒక్క నొప్పి ఇంజక్షన్ మెడ నరంలోకి ఎక్కించాడు. "ఇది కాసేపు ఆపుతుంది. నొప్పిని ఆపుతుంది, జబ్బుని కాదు. పొట్ట కడిగాక లిక్విడ్ పారఫిన్ నాలుగు లీటర్లు పోయాలి. నరంలోకి సెలైన్లు ఎక్కించాలి. ఇంకో రెండు ఇంజక్షన్లు కావాలి. సిందనూరులో దొరుకుతాయి, ఎవరైనా వెళ్ళాలి." చీటీ రాసి బావ చేతిలో పెట్టాడు. ఇంకో పని కూడా అప్పజెప్పాడు. "పావుగంటకోసారి నాడి చూస్తాను. టైము నువ్వు చెప్పు."

బావ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆ రాత్రి టైము చూడడంలో ఎంత శ్రద్ధో చెప్పలేను. పావుగంటకి ముందే రెండుసార్లు చూసుకునేవాడు.

చీటీ మాత్రం జేబులోనే ఉంది. కారులో డీజిలు చాలదన్నాడు. ట్రాక్టరు డ్రైవర్ని పంపమంటే, ఈ వేళకి వాడు తాగి పడుంటాడన్నాడు. మందుల షాపులు ఎవడు తీసుంచుతాడన్నాడు. నాకు సైకిలు తప్ప రాదు, అయినా డాక్టరు గారి స్కూటరు మీద ప్రయత్నిస్తానన్నాను. "కాలవ గట్టు మీద చీకట్లో పడితే అత్తకి ఎవడు సమాధానం చెబుతాడురా బావా?" అని నా భుజం మీద చేయి వేశాడు. ప్రతి మాటా సబబుగానే ఉంది. ప్రతి మాటా మా మంచికే ఉంది.

పదకొండు గంటలకి డెబ్బై ఆరు.

నడిపించడం ఆపకూడదు. చాచా ముందు, ముత్యం వెనక, దాని పక్కన మావయ్య. మధ్యమధ్య అది ఆగి, పెదవి పైకి మడిచి, ఆకాశం వంక చూసేది. ఎవరికీ మాట రావడం లేదు. ఆ మౌనం భరించలేక, చరిత్ర మేష్టారు చేసే పనే నేనూ చేశాను.

"ఈ జిల్లా రాత రాసింది గుర్రాలే మావయ్యా" అన్నాను. "1520 మే 19న రాయచూరు దగ్గర కృష్ణదేవరాయలకీ ఇస్మాయిల్ ఆదిల్‌షాకీ జరిగిన యుద్ధం ఉందే, దానికి సాకు గుర్రాల బేరమే. సయ్యద్ మరైకర్ అనే వర్తకుడికి రాయలు నలభై వేల వరహాలిచ్చి గోవాలో గుర్రాలు కొనుక్కురమ్మన్నాడు. వాడు ఆ సొమ్ముతో ఆదిల్‌షా దగ్గరికి ఉడాయించాడు. మనిషిని పంపమంటే ఆయన పంపలేదు. న్యూనిజ్ అనే పోర్చుగీసు ఆయన ఇదంతా రాసిపెట్టాడు. ఆయన కూడా గుర్రాల వ్యాపారే."

"అంత ఖరీదా అప్పుడు గుర్రాలు?" అన్నాడు డాక్టరు.

"మన దగ్గర మంచి గుర్రం పుట్టేది కాదు కదండీ. హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి ఓడల్లో రావాలి. దారిలో కొన్ని చచ్చేవట. అందుకని రాయల కంటే ముందు ఏలిన సాళువ నరసింహరాయలు ఒక పద్ధతి పెట్టాడని న్యూనిజే రాశాడు. వెయ్యి వరహాలకి మూడు గుర్రాలు. బతికొచ్చినా అంతే, చచ్చినా అంతే. సముద్రంలో చచ్చిపోతే తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికిచ్చే డబ్బే ఇచ్చేసేవాడు."

బావ ఫోను మీంచి తల ఎత్తాడు. "తోక చూపిస్తే చాలా?"

"చాలు."

"పూర్తి డబ్బా?"

"పూర్తి డబ్బే."

బావ కాసేపు ఆలోచించాడు. "అయితే ఆ వర్తకులు వెర్రివాళ్ళురా. ఓడెక్కగానే చంపేసి, తోకలు మూట కట్టుకుని వస్తే పోయేదిగా. దారి పొడుగునా మేతా నీళ్ళూ మిగిలేవి."

డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. బావది మొదట్నుంచీ వ్యాపారం బుర్ర. మావయ్య ముత్యం జూలులో వేళ్ళు పెట్టి చిక్కు తీస్తూ, "రాజు ఓడెక్కి చూడడు కదా" అన్నాడు. అంతే అన్నాడు.

పదకొండున్నరకి ఎనభై. ఇంజక్షన్ పట్టు సడలింది. ముత్యం మళ్ళీ కూలబడబోయింది. ఈసారి చాచా ఒక్కడి వల్లా కాలేదు, నేనూ మావయ్యా భుజాలిచ్చి ఆపాం. నాడా కొట్టిన గిట్ట నా పాదం పక్కనే పడింది, కొంచెం జరిగుంటే నేను కుంటేవాణ్ణే. డాక్టరు గొంతు మారింది. "మందులు రాకపోతే నేను చూస్తూ నిలబడడం తప్ప చేసేదేమీ లేదు."

బావ మావయ్య దగ్గరికి వచ్చాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి. "నాన్నా, దాన్ని అలా చూడలేకపోతున్నాను. ఇంత బాధ పెట్టే బదులు డాక్టరు గారి చేత ఒక ఇంజక్షన్ ఇప్పించేస్తే… నిద్రలోనే పోతుంది. అది కూడా ప్రేమే కదా."

మావయ్య కొడుకు మొహంలోకి చాలాసేపు చూశాడు. "టైమెంతైందిరా?"

"పదకొండూ నలభై."

"ఇంకాసేపు చూద్దాం" అన్నాడు మావయ్య.

ఆ ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో నాకు గుర్తులేదు. చాచా కలిమా చదువుకోవడం గుర్తుంది. ముత్యం ఊపిరి నా చేతి మీద వేడిగా తగలడం గుర్తుంది. బావ కల్లం గట్టు మీద కూర్చుని ఫోను వెలుగులో తల వంచుకుని ఉండడం గుర్తుంది. నాడికి పావుగంట అయిపోయినా చెప్పలేదు. డాక్టరే తన వాచీ చూసుకున్నాడు.

ఉన్నట్టుండి బావ లేచాడు.

ఫోను జేబులో పడేసి, తిన్నగా ముత్యం దగ్గరికి వచ్చి దాని మెడ చుట్టూ చేతులు వేశాడు. ఆ మనిషి దాన్ని ముట్టుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. "డాక్టరు గారూ, ఎలాగైనా బతికించాలి. డబ్బు గురించి ఆలోచించకండి. హైదరాబాదు తీసుకెళ్ళమన్నా తీసుకెళ్తాను, బెంగుళూరు తీసుకెళ్ళమన్నా తీసుకెళ్తాను. లారీ మాట్లాడనా?"

"లారీ కుదుపులకి దారిలోనే పోతుంది. ముందు ఆ చీటీలోవి తీసుకురా నాయనా!"

డీజిలు చాలదన్న కారు కాలవ గట్టెక్కి సిందనూరు వైపు దూసుకుపోయింది.

గంట తిరక్కుండా వెనక్కొచ్చాడు. మందుల షాపు యజమానిని ఇంటికెళ్ళి నిద్ర లేపి, షట్టరు ఎత్తించాడట. డిక్కీ నిండా పారఫిన్ డబ్బాలు, సెలైన్ సీసాలు. చీటీలో లేని గ్లూకోజు కూడా తెచ్చాడు. దారిలో దాబా తలుపు కొట్టి రెండు ఐసు దిమ్మలు కూడా వేసుకొచ్చాడు. తవుడు మెక్కిన గుర్రానికి కడుపు నయమైనా తర్వాత గిట్టల్లోకి వాపు దిగుతుందని, కాళ్ళు చల్లగా ఉంచాలని డాక్టరు మధ్యలో ఎప్పుడో అన్నమాట గుర్తుపెట్టుకున్నాడు. నాకు ముచ్చటేసింది.

అక్కణ్ణుంచి అంతా చకచకా సాగింది. గోరువెచ్చటి నీళ్ళు గొట్టంలోంచి పోయడం, వంచడం, మళ్ళీ పోయడం. నీళ్ళు కాస్త తేటపడ్డాక పారఫిన్. సెలైన్ సీసా పట్టుకుని బావే నిలబడ్డాడు. చేయి లాగితే చేయి మార్చుకున్నాడు గానీ ఇంకొకరికి ఇవ్వలేదు. రెండు గంటలకి డెబ్బై. మూడింటికి అరవై. ముత్యం తవ్వడం మానేసింది. తల వేలాడేసి నిలబడింది. చాచా మళ్ళీ డొక్కకి చెవి ఆనించి, ఈసారి చాలాసేపు తీయలేదు. తీసినప్పుడు గడ్డం తడిసి ఉంది. "చక్కీ తిరుగుతోంది ధణీ!"

తెలతెలవారుతుండగా తోక పైకెత్తి లద్దె వేసింది. నూనె ఓడుతున్న నాలుగు ఉండలు. బిడ్డ పుట్టినంత సంబరపడ్డాం. డాక్టరు ఆ లద్దెని పుల్లతో కదిపి చూసి, అప్పుడు గానీ టీ ముట్టలేదు. "నలభై ఎనిమిది. బతికింది. మూడు రోజులు గిట్టలు కనిపెట్టుకుని ఉండండి. దానా వద్దు, గడ్డి పరకే." బావ ఆయన చేతిలో డబ్బు పెట్టాడు. ఆయన లెక్కపెట్టి సగం తిరిగిచ్చేశాడు.

సూర్యుడొచ్చాక చాచా ముత్యాన్ని కాలవబోదెలోకి దింపి చన్నీళ్ళలో నిలబెట్టాడు. నేనూ మావయ్యా గట్టు మీద కూర్చున్నాం. మంచి మాట ఆడాలనిపించింది.

"నిన్న రాత్రి బావని చూసి ఆశ్చర్యపోయాను మావయ్యా. మొదట విసుక్కున్నా, దాని ప్రాణం మీదికొచ్చేసరికి ఎలా మారిపోయాడు! పన్నెండు గంటలప్పుడు వెళ్ళి దాన్ని వాటేసుకున్నాడు చూడండి, నాకైతే కళ్ళనీళ్ళు తిరిగాయి."

"పన్నెండు కాదురా అల్లుడూ, పన్నెండు దాటాక" అన్నాడు మావయ్య.

నాకు అర్థం కాలేదు. ఆయన బనీను జేబులోంచి ఫోను తీసి, ఒక మెసేజీ తెరిచి నా చేతికిచ్చాడు. ముత్యం మీద లక్షన్నరకి ఇన్సూరెన్సు. మెడలో వేయించిన చిప్పు నంబరుతో సహా ఉంది.

"నిన్నటి తారీకు అర్ధరాత్రితో గడువైపోతుంది. ఇక కట్టేది లేదని వాడు ఏజెంటుకి చెప్పేశాడు. ఆ అబ్బాయి మనవాడే, వారం కిందట నాకు ఫోను చేసి, 'మీకు తెలుసాండీ' అన్నాడు."

తవుడు మూట గుర్తొచ్చింది. తాడు రెండు చుట్లు. నోరు తెరవబోయాను.

"మూట మూతి ఎవరు విప్పారని నేను వాణ్ణి అడగను. నువ్వూ అడక్కు" అన్నాడు మావయ్య. "ఆ మెసేజీ తారీకు చూడు."

చూశాను. పోయిన వారంది. ప్రీమియం అందింది, పాలసీ మరో ఏడాదికి పొడిగించాం అని ఉంది.

"మీరు కట్టారా?"

"కట్టాను. వాడికి చెప్పొద్దని ఏజెంటుకి చెప్పాను."

"అంటే రాత్రి పన్నెండు దాటాక పోయినా…"

"డబ్బు వచ్చేదే. ఆ సంగతి వాడికి తెలీదు కాబట్టి ముత్యం బతికింది."

కాలవబోదెలో ముత్యం ఒళ్ళు జలదరించి నీళ్ళు చిమ్మింది. చాచా తిడుతూ నవ్వుతున్నాడు. నేను ఏమనాలో తెలీక కూర్చున్నాను. ఇంతలో గట్టు మీద అడుగుల చప్పుడు. బావ. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి, చొక్కా నిండా పారఫిన్ మరకలు. అయినా ఒక చేతిలో గ్లాసు, రెండో అరచేతిలో మాత్ర.

"నాన్నా, ఆరున్నరైంది. పరగడుపు మాత్ర."

మావయ్య వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు తిరిగిచ్చాడు. బావ ముత్యం వైపు ఒకసారి చూసి, తృప్తిగా తలాడించి వెళ్ళిపోయాడు.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి మావయ్యా" అన్నాను, పోతున్న పరువుని ఎంతో కొంత నిలబెడదామని. "గుర్రం సంగతి ఎలా ఉన్నా, మీ విషయంలో మాత్రం బావకి వంక పెట్టలేం."

మావయ్య మూతి తుడుచుకున్నాడు.

"నా మీదా ఒక పాలసీ ఉందిరా అల్లుడూ. కట్టడం మరిచిపోయాను, లాప్సైపోయిందని నాలుగేళ్ళ కిందట వాడికి చెప్పాను. అప్పట్నుంచే మాత్రలు వేళకి అందుతున్నాయి."